ముప్పై ఎనిమిదో ఇల్లు

నమోదు 1
అమావాస్యకు ఇరవై నాలుగు రోజులు. ఊట: గంటకు రెండు బిందెలు. తేట నీళ్లు.

ఈ డైరీ నేను సరదాకి రాయడం లేదు. పర్యావరణ విద్య, ప్రచారం ఎమ్మేలో ఉద్యోగస్తుల విభాగం వాళ్లం రెండో ఏడాది పరీక్షకి బదులు ఇది రాయాలి. ఉద్యోగం మానకుండా చదివేవాళ్లకి ఉద్యోగం చేసే చోటే ప్రయోగశాల అంటారు. ఆదివారం ఆదివారం మా గైడు కాత్యాయని మేడమ్‌కి పంపాలి. ఆవిడ రెండే నియమాలు పెట్టారు. లెక్క తప్పు రాయకూడదు, అనుభూతి దాచకూడదు. అనుభూతి లేకపోతే ఏం రాయాలో మాత్రం చెప్పలేదు.

నా పేరు నాంచారమ్మ. పదమూడో గట్టుకి లస్కరుని. పొద్దున్నే గట్టు పొడుగునా నడిచి, సముద్రపు నీరు ఎక్కడ ఊరుతోందో చూసి, అక్కడ బిందె పెట్టి ఎంతసేపటికి నిండుతుందో రాసుకుంటాను. కొలిచే మీటరు రెండేళ్ల కిందటే తుప్పు పట్టిపోయింది. ప్లాస్టిక్ బిందెకి ఆ జబ్బు రాదు. తర్వాత పంపు వేస్తాను. ఆ తర్వాత మైకులో మాట్లాడతాను. లస్కరు పనిలో ఇప్పుడు అదే పెద్ద భాగం.

మా ఆయన పన్నెండో గట్టుకి లస్కరు. నాలుగేళ్ల కిందట ఆ గట్టు తెగిన రోజు తూము దించి వస్తానని వెళ్లాడు. శవం దొరకలేదు. అందుకని ఆఫీసు కాగితాల్లో ఆయన పోలేదు, సెలవు చీటీ ఇవ్వకుండా మానేశాడు. ఏడేళ్లు నిండేదాకా ఆయన స్థానంలో నేను తాత్కాలికం. పర్మనెంటు కావాలంటే పీజీ ఉండాలని కొత్త జీవో వచ్చింది. గట్టు తెగుతుందని తెలుసుకోవడానికి కళ్లు చాలు. ఆ సంగతి జనానికి చెప్పడానికి ఎమ్మే కావాలట.

ప్రాజెక్టు ఇదీ: గట్టు కింద కాలనీలో ముప్పై ఏడిళ్లు. వచ్చే అమావాస్య పోటుకి గట్టు ఆగదు, ఆ మాట ఆఫీసూ ఒప్పుకుంది. ఈలోగా అందరూ నాలుగు కిలోమీటర్లు లోపలికి, పద్నాలుగో గట్టు వెనక్కి మారాలి. అక్కడ రేకుల షెడ్లు వేసి ఉంచారు. అడిగిన రోజున పడవలొస్తాయి. బలవంతంగా ఖాళీ చేయించడం మాత్రం కుదరదు, ఆ చట్టం ఎప్పుడో తీసేశారు. ఒప్పించాలి. మాకు ఈ చదువులు అందుకే.

నమోదు 2
ఇరవై రోజులు. మూడు బిందెలు. తేట.

పొద్దున్న ఏడింటికి, సాయంత్రం నాలుగింటికి ప్రతి ఇంటి గోడకున్న చెప్పుడు పెట్టెలోంచి నా గొంతు వస్తుంది. "పదమూడో గట్టు ప్రజలకు విజ్ఞప్తి. గట్టులో ఊట పెరిగింది. అమావాస్య లోపు పద్నాలుగో గట్టుకి తరలండి. పిల్లల్ని, ముసలివాళ్లని ముందు పంపండి. త్వరపడండి." పంపుహౌస్ కప్పు మీది పెద్ద కొమ్ములోంచి కూడా అదే వస్తుంది.

ఈ వారం సర్వే చేశాను. ముప్పై ఏడిళ్లకీ వెళ్లి, గట్టు ఎప్పుడు తెగుతుంది, ఎక్కడికి వెళ్లాలి, ముందు ఎవరు వెళ్లాలి అని అడిగాను. అందరూ చెప్పారు, ఒక్కరు కూడా తడుముకోలేదు. ఎదురింటి భవానత్త అయితే నా గొంతు అనుకరించి మరీ చెప్పింది. పిల్లలు దాగుడుమూతల్లో వందదాకా లెక్కపెట్టడం మానేశారు. దొంగ అయినవాడు కళ్లు మూసుకుని నా విజ్ఞప్తి మొత్తం అప్పజెప్పి, "త్వరపడండి" అనగానే కళ్లు తెరిచి వెతకడానికి పరిగెడతాడు.

ఎప్పుడు బయల్దేరుతున్నారని కూడా అడిగాను. చూద్దాం అన్నారు, ముప్పై ఏడిళ్లవాళ్లూ. నాకేమీ అనిపించలేదు. ఫారం నింపి వచ్చాను.

నమోదు 3
పదహారు రోజులు. అయిదు బిందెలు. తేట.

ఆదివారం క్లాసు. తెర మీద పదకొండు మందిమి. ఒక నర్సు, ఇద్దరు బడిపంతుళ్లు, ఫారెస్టు గార్డు, అలా. మా కాలనీకి మంచినీళ్లు తెచ్చే ట్యాంకర్ డ్రైవరు షరీఫ్ కూడా మా బ్యాచే. క్లాసుకి ట్యాంకర్ క్యాబిన్లోంచే కూర్చుంటాడు.

మేడమ్ నా సర్వేకి మార్కులు వేశారు. తెలివిడికి పదికి పది, మార్పుకి పదికి సున్నా. కింద ఒక వాక్యం రాశారు: "వాళ్లకి తెలియక కాదు, నాంచారమ్మా. ఇంకేదో ఉంది. వాళ్లు వింటున్నదేమిటో కాక, చూస్తున్నదేమిటో రాయండి."

మంగళవారం నీళ్లు దింపడానికి వచ్చినప్పుడు షరీఫ్ మెల్లగా కదిపాడు.

"అక్కా, ఏమనుకోనంటే ఒకటి చెప్తా."

"చెప్పు."

"గట్టు తెగుద్ది, చచ్చిపోతారు అని నువ్వు చెప్తుంటే కూరలో ఉప్పు చాల్లేదన్నట్టుందక్కా. కాస్త భయపడి చెప్పొచ్చుగా."

సాయంత్రం భయపడి చెప్పడానికి ప్రయత్నించాను. రికార్డు చేసుకుని విన్నాను. జలుబు చేసినట్టుంది. పాతదే పెట్టేశాను.

నమోదు 4
పదమూడు రోజులు. ఏడు బిందెలు. నీళ్లలో మట్టి.

మా ఆయన నేర్పిన సంగతి ఒకటి ఇక్కడ రాయాలి. ఊటలో తేట నీళ్లొస్తే గట్టు చెమర్చినట్టు. బురద నీళ్లొస్తే గట్టు లోపల్నించి కరిగి వచ్చేస్తున్నట్టు. ఈ రోజు నూట నలభయ్యో మీటరు దగ్గర బిందె అడుగున పిడికెడు మట్టి తేరింది.

ఆఫీసుకి ఫోన్ చేశాను. ఇంజనీరుగారు విని, ప్రచారం ముమ్మరం చేయండమ్మా అన్నారు. రోజుకి రెండు విజ్ఞప్తులు నాలుగు చేశాను. సాయంత్రానికే భవానత్త కూతురు వచ్చి, "నాంచారక్కా, నాలుగింటిది ఏదో తెలవటం లేదు, టీ టైము తప్పిపోతంది" అంది. మళ్లీ రెండుకి తగ్గించాను.

నమోదు 5
తొమ్మిది రోజులు. తొమ్మిది బిందెలు. మట్టి.

మేడమ్ చెప్పినట్టు, వాళ్లు చూస్తున్నదేమిటో తెలుసుకుందామని ఈ రోజు కాగితాలు లేకుండా భవానత్త ఇంటికి వెళ్లాను. రొయ్యలు ఒలుస్తోంది. నేనూ ఒక దోసెడు ముందుకి లాక్కుని కూర్చున్నాను.

"అత్తా, నిజం చెప్పు. ఎందుకు కదలరు మీరు?"

"నువ్వు కదిలితే కదుల్తాం."

"నాకు డ్యూటీ ఉంది కదా. లస్కరు ఆఖర్న వెళ్లాలి."

"మనిషి ఆఖర్నే ఎళ్లిద్ది. పొయ్యో? పొయ్యికి డ్యూటీ ఏంటమ్మా? మీ ఆయనకి లేదా డ్యూటీ? పన్నెండులో అందరికంటే ముందు ఆయన పొయ్యే వీధిలో కొచ్చింది. అది చూసేగా మేం బతికి బయటపడింది."

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. మా జనం పదకొండో గట్టు నించి పన్నెండుకి, పన్నెండు నించి పదమూడుకి మారినవాళ్లు. ఊరు వదలాలని నిశ్చయమైతే ఇంట్లో ఇనప పొయ్యి తెచ్చి గుమ్మం ఎదుట వీధిలో పెట్టి, ఆ పూట అక్కడే వండుకుంటారు. పొయ్యెత్తడం అంటాం. బయటికొచ్చిన పొయ్యి మళ్లీ ఆ ఇంట్లోకి పోదు. మొదటి పొయ్యి లస్కరుదే కావాలి. నీళ్ల సంగతి లస్కరుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని వాళ్ల నమ్మకం.

"నీ నోరు పొమ్మంటంది, నీ పొయ్యి ఉండమంటంది. మేం దేని మాటినాలి?" అంది భవానత్త.

చేతులకి రొయ్యల వాసన పట్టింది. ఇంటికొచ్చి సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కున్నాను.

నమోదు 6
ఏడు రోజులు. పన్నెండు బిందెలు. మట్టి.

సిగ్గుపడాల్సిన పని చేశాను, కానీ లెక్క తప్పు రాయకూడదు కదా. షరీఫ్‌ని వాళ్ల ఇంట్లో వాడని పొయ్యి ఒకటి తెమ్మన్నాను. ట్యాంకర్ వెనక కట్టి తెచ్చాడు. పొద్దున్నే దాన్ని నా గుమ్మం ఎదుట పెట్టి, సరుగుడు పుల్లలు రాజేసి, గిన్నె ఎక్కించాను. నా పొయ్యి లోపలే ఉంది.

కాలనీ అంతా వచ్చి చూసింది. తర్వాత పడవలు చేసే లక్ష్మణస్వామి బాబాయి వంగి పొయ్యి కాళ్లు చూశాడు.

"ఇదెవరిదే? నీ పొయ్యికి ఒక కాలు పొట్టి. ఇటిక ముక్క పెట్టుకుంటావుగా. ఆ కాలు అతికింది నేనే, నాకు తెలీదా?"

నవ్వులు మొదలయ్యాయి. ఎవరో పిల్ల "పొయ్యిక్కూడా డూపు పెట్టింది" అంది. షరీఫ్ ట్యాంకర్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. బాబాయి మాత్రం నవ్వలేదు. "గట్టు తెగుద్దని నువ్వు కూడా నమ్మటం లేదన్నమాట" అన్నాడు, అని వెళ్లి పడవ దగ్గర కూర్చున్నాడు.

అంతకు ముందు చూద్దాం అన్నవాళ్లు ఇప్పుడు చూద్దాం అనడం కూడా మానేశారు. ప్రచారశాస్త్రంలో దీనికేదో పేరుండే ఉంటుంది. మా భాషలో చేజేతులా చెడగొట్టుకోవడం అంటాం.

నమోదు 7
అయిదు రోజులు. పదిహేడు బిందెలు. చిక్కటి మట్టి.

మొన్నటి నమోదు ఆదివారం దాకా ఆగకుండా పంపేశాను. మేడమ్ నించీ ఆదివారం కాకుండానే ఉత్తరం వచ్చింది. పొయ్యి డూపు గురించి ఒక్క ముక్క లేదు. ఇంతే ఉంది:

"మీ డైరీ మొదటినించి మళ్లీ చదివాను. అన్ని చోట్లా ముప్పై ఏడిళ్లు అని రాశారు. మీరు ప్రాజెక్టు దరఖాస్తుకి జతచేసిన కాలనీ రికార్డులో ముప్పై ఎనిమిది ఉన్నాయి. లెక్క తప్పు రాయకూడదని మొదటి రోజే చెప్పాను. ఆ ఒక్క ఇల్లు ఎవరిది?"

మూడుసార్లు చదివాను. సర్వే ఫారాలు తీసి లెక్కపెట్టాను, ముప్పై ఏడే. నా ఇంటికి నేను వెళ్లలేదు. వెళ్లాలని తోచను కూడా తోచలేదు.

నమోదు 8
నాలుగు రోజులు. ఇరవై బిందెలు. లెక్క ఇక సరిగా అందడం లేదు, బిందె పెట్టగానే నిండుతోంది.

ముప్పై ఎనిమిదో ఇంటి సర్వే.

గట్టు ఎప్పుడు తెగుతుంది? అమావాస్య పోటుకి. ఎక్కడికి వెళ్లాలి? పద్నాలుగో గట్టుకి. ఎప్పుడు బయల్దేరుతున్నారు?

పన్నెండో గట్టు తెగిన రోజు మా ఆయన పొయ్యి వీధిలో పెట్టి, నేను అన్నం వారుస్తుండగా నా పక్కన ఒక్క నిమిషం గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు పొయ్యి తీసుకుని పదమూడుకి పో. తూము దించి అక్కడికే వస్తా" అన్నాడు. అన్నం తిని వెళ్లమన్నాను. వచ్చి తింటానన్నాడు. అప్పటికి పద్నాలుగో గట్టు లేదు. దానికి ముగ్గు కూడా పొయ్యలేదు. ఆయనకి తెలిసిన ఆఖరి గట్టు పదమూడు.

అందుకని నేను పదమూడులో ఉన్నాను. నాలుగేళ్లుగా సోలెడు బియ్యం ఎక్కువ పోస్తున్నాను. మర్నాడు పొద్దున్న ఆ చద్దన్నం నేనే తింటున్నాను. గట్టు తెగితే లస్కరుగా ఆఖరి పడవ ఎక్కాలని ఆఫీసుకి చెప్పాను. ఎక్కాలని నేను అనుకోలేదు. ఈ మాట ఎక్కడా రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. పోవాలని కాదు. ఆయన వచ్చేసరికి ఇక్కడ ఎవరూ లేకపోతే ఎలా అని. అంతకు మించి ఆలోచించలేదు.

ఆయన పోయాడని నాకు తెలుసు. తెలివిడికి పదికి పది, మార్పుకి సున్నా.

ఒక్కటి మాత్రం ఈ రోజే అర్థమైంది. నేను ఆయన కోసం ఆగిపోతే, నన్ను చూసి ముప్పై ఏడిళ్లు ఆగిపోయాయి. ఆ రోజు ఆయన బయటికి తెచ్చిన జనమే వీళ్లంతా. భయం వేసింది. కూరలో ఉప్పు సంగతి కాదిది, షరీఫ్ అడిగిన భయం.

నమోదు 9
మూడు రోజులు. ఊట కొలవలేదు.

పొద్దున్న ఏడింటికి విజ్ఞప్తి పెట్టలేదు. ఇటిక ముక్క తీసి పక్కన పెట్టి, పొయ్యిని రెండు చేతులా పట్టుకుని లాగాను. గచ్చు మీద గీత పడింది. గడప దాటించడానికి మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. వీధిలోకి తెచ్చి, కాలు కింద ఇటిక పెట్టి, పుల్లలు రాజేశాను. బియ్యం కొలిచేటప్పుడు చేయి అలవాటు కొద్దీ రెండోసారి డబ్బాలోకి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను.

నా గొంతు వినపడకపోయేసరికి భవానత్త గుమ్మంలోకి వచ్చింది. పొయ్యి వంక చూసింది. వచ్చి పొట్టి కాలు చూసింది. తర్వాత మూత తీసి గిన్నెలోకి చూసింది.

"ఒక్కదానికే పోశావా?"

"ఒక్కదానికే అత్తా."

మూత మళ్లీ జాగ్రత్తగా పెట్టి, నా తల మీద చెయ్యి వేసింది. ఏడ్చాను. దాచకూడదు కాబట్టి రాస్తున్నాను, బాగా ఏడ్చాను, అన్నం కొంచెం అడుగంటింది. ఆవిడ ఇంట్లోకి వెళ్లి, అల్లుణ్ని కేకేసి, తన పొయ్యి మోయించుకొచ్చింది.

ఎనిమిదింటికి ఆరు పొయ్యిలు, పదింటికి ఇరవై రెండు. లక్ష్మణస్వామి బాబాయి తన పొయ్యిని పడవలు లాగే చక్రాల బండి మీద తోసుకుంటూ వచ్చాడు. "ఇది నీదేలే" అన్నాడు నా పొయ్యి చూసి. ఒంటిగంటకి వీధి పొడుగునా పొగ. నడుస్తూ వేలు పెట్టి లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.

ఆఫీసుకి ఫోన్ చేసి పడవలు పంపమన్నాను. ఏం చేశారమ్మా అని ఇంజనీరుగారు అడిగారు. వంట చేశానని చెప్పాను.

నమోదు 10
రెండు రోజులు.

మధ్యాహ్నానికి కాలనీ ఖాళీ అయింది. ఆఖరి పడవ ఎక్కేముందు పంపుహౌస్‌లోకి వెళ్లాను. పాత విజ్ఞప్తి చెరిపేశాను. కప్పు మీది కొమ్ము ఎండతో నడుస్తుంది, నీళ్లు దాని మీదికి వచ్చేదాకా మోగుతూనే ఉంటుంది. మైకు ముందు కూర్చున్నాను. ఏమండీ అని మొదలుపెట్టి ఆపేశాను. ఆ పిలుపుకి ఎవరైనా తిరిగి చూస్తారు. ఆయన పేరు నేను ఎప్పుడూ నోటితో అనలేదు, మాలో అనరు. ఈ డైరీలో కూడా రాయలేదని ఇప్పుడు చూసుకుంటే తెలిసింది.

కొత్త విజ్ఞప్తి పూర్తి పాఠం, మేడమ్‌గారి పరిశీలనకి:

"అంకబాబుగారూ. నేను నాంచారిని. పదమూడులో ఇప్పుడెవరం లేము. అందరం పద్నాలుగుకి వెళ్లాం. ఉత్తరంగా నాలుగు కిలోమీటర్లు. పొయ్యి నా దగ్గరే ఉంది."

ఉద్దేశించిన శ్రోతలు: ఒకరు. ఫలితం కొలిచే పద్ధతి: లేదు.

నమోదు 11
అమావాస్య.

మధ్యాహ్నం పన్నెండుంబావుకి పోటు వచ్చింది. పన్నెండున్నరకి నూట నలభయ్యో మీటరు దగ్గర గండి పడింది. పద్నాలుగో గట్టు మీద నిలబడి అందరం చూశాం. ఇళ్ల కప్పులు కాసేపు కనపడ్డాయి, తర్వాత లేవు. పంపుహౌస్ ఎత్తు మీద ఉంది కాబట్టి నిలిచింది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా నీళ్ల మీంచి నా గొంతు వచ్చింది. మాటలు పూర్తిగా అందవు. పేరు ఒక్కటి తెలుస్తోంది. భవానత్త నా చెయ్యి పట్టుకుంది. ఆ కాలనీ మనుషులందరూ అక్కడ, గట్టు మీద, నా చుట్టూ ఉన్నారు.

నమోదు 12
అమావాస్య వెళ్లి అయిదు రోజులు. పద్నాలుగో గట్టు. ఊట: లేదు.

మేడమ్ ఆఖరి మార్కులు పంపారు. తెలివిడికి పది, మార్పుకి పది. కింద "ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిది" అని రాసి, ఆ పక్కన ఇంకేదో రాయబోయి కొట్టేశారు. కొట్టేసినది చదవడానికి ప్రయత్నించాను, రాలేదు.

కొమ్ము నిన్న మధ్యాహ్నం ఆగిపోయింది. అప్పటిదాకా హోరు తగ్గిన పూటల్లో మాటలన్నీ ఇక్కడిదాకా వచ్చేవి. నీళ్లు చేరి ఉంటాయి. ఆగిన సంగతి షరీఫ్ కూడా గమనించాడు. చెప్పాలా వద్దా అని ట్యాంకర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, చివరికి చెప్పాడు. నాకు తెలుసన్నాను.

ఈ పొద్దున్న గట్టు నడిచి వచ్చి, షెడ్డు ముందు ఒక్కదానికి అన్నం వండుకుంటుంటే పిల్లలు దాగుడుమూతలు మొదలుపెట్టారు. భవానత్త మనవరాలు దొంగ. గోడకి మొహం ఆనించి, కళ్లు మూసుకుని, గట్టిగా అప్పజెప్పింది.

"అంకబాబుగారూ. పదమూడులో ఇప్పుడెవరం లేము. అందరం పద్నాలుగుకి వెళ్లాం. ఉత్తరంగా నాలుగు కిలోమీటర్లు. పొయ్యి నా దగ్గరే ఉంది. త్వరపడండి."

అని కళ్లు తెరిచి వెతకడానికి పరిగెత్తింది.

ఆ చివరి మాట నా విజ్ఞప్తిలో లేదు. పాతదాంట్లోంచి తెచ్చి వాళ్లే కలుపుకున్నారు. నేను దిద్దలేదు.